తిట్టినవాళ్ళే అంబలి పొయ్యాలి

మా ఎమ్మెల్యే గారి వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. తీసే ముందు అడగలేదు, తీశాక ఎందుకు తీశారో చెప్పలేదు. ఇక నువ్వు ఇందులో లేవని ఫోను చెప్పింది, అంతే. ఓటు వచ్చిన నాటినుంచి ఆ ఇంటికే ఓటేసినవాణ్ణి, అది చాలదన్నట్టు ఆ ఇంటి జీపు నడిపినవాణ్ణి, పెళ్ళి పందిట్లోంచి మెడపట్టి గెంటేసినట్టు గెంటేస్తే, ఈ వయసులో నాకు కోపం రావాలో సిగ్గు పడాలో తెలియక, ఆ ఫోనుని తిరగేసీ బోర్లేసీ చూస్తూ అరుగుమీద కూర్చుండిపోయాను.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. నాకు అక్షరాలు నేర్పినవి మైలురాళ్ళూ, బస్సు బోర్డులూను. ‘వి’ని విజయనగరంలో చూశాను, ‘బొ’ని బొబ్బిలిలో చూశాను, ‘పా’ని పాతపట్నం వెళ్ళే దారిలో చూశాను, అందుకే ఇప్పటికీ ఏ మాట చదివినా ఏదో ఒక ఊరికి ప్రయాణం కట్టినట్టే ఉంటుంది నాకు. అలా కూడబలుక్కున్న చదువుతోనే పేపర్లు చదివాను, దొరికిన పుస్తకమల్లా చదివాను, చివరికి మా కోడలు ఆ గ్రూపులో చేర్చాక అది కూడా రోజూ పొద్దున్నే కళ్ళద్దాలు తుడుచుకుని మొదటినుంచి చివరిదాకా చదివేవాణ్ణి. అందులో ఏముంటుందని మీరడగవచ్చు. శంకుస్థాపన ఫొటో, రిబ్బను కత్తిరించే ఫొటో, పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి పరామర్శించే ఫొటో, వాటి కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు బారులుగా. అయినా నాకు నచ్చేది. ఎందుకంటే ఆ పక్కన ఎమ్మెల్యే గారు కూడా ఒక ఫోను పట్టుకుని కూర్చుని ఎవరెవరు ఏం రాశారో చూస్తూ ఉంటారని నా నమ్మకం. ఊరందరూ కూర్చున్న చావడిలో ఆయన ఒక మూల కూర్చున్నాడనుకునేవాణ్ణి. నేనూ ఒక బొమ్మ నొక్కి, వచ్చానని హాజరు వేయించుకున్నట్టు తృప్తిపడేవాణ్ణి.

ఇక అసలు సంగతి. మా ఊరికీ తారురోడ్డుకీ మధ్య ఒక గెడ్డ ఉంది. గెడ్డంటే మా వైపు వాగు. దానిమీద కల్వర్టు, కల్వర్టు మీదుగా విజయనగరం బస్సు, ఇదీ మా ఊరికి ఉన్న ఆధారం. మొన్నటి వానలకి ఆ కల్వర్టు ఒక పక్కకి కుంగిపోయింది. బస్సు తారురోడ్డు మీదే ఆగి, అటునుంచి అటే తిరిగి వెళ్ళిపోతోంది. కాళ్ళున్నవాళ్ళు నడుస్తున్నారు, బళ్ళున్నవాళ్ళు అంచునుంచి నెమ్మదిగా దాటిస్తున్నారు, ఆటోవాళ్ళు రామంటున్నారు. మా అప్పకి మాత్రం ఈ మూడింటిలో ఏదీ కుదరదు. అప్ప అంటే మా అక్క. నా కంటే పెద్దది, నన్ను పెంచింది, బావ పోయాక నా ఇంట్లోనే ఉంటోంది. షుగరు జబ్బు. కాలి వేలి మీద పుండు పడింది. పట్నం ఆసుపత్రిలో వేళకి కట్టు మార్పించుకోకపోతే వేలుతో ఆగదు, పాదం దాకా తియ్యాల్సి వస్తుందని డాక్టరు గారు మొహమాటం లేకుండా చెప్పారు. మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టి ఒకసారి తీసుకువెళ్ళాం. గతుకుల్లో కాలు తగిలి కట్టంతా నెత్తురైపోయింది. మళ్ళీ ఎక్కనంది. కట్టు మార్చే రోజు వస్తుంది, పోతుంది, ఆవిడ మంచం మీదనుంచి గెడ్డ వైపు చూస్తూ కూర్చుంటుంది.

ఆ గెడ్డకీ మా అప్పకీ ఉన్న లెక్క ఈనాటిది కాదు, అది చెప్పాలంటే జీపు దగ్గరికి వెళ్ళాలి.

ఇప్పటి ఎమ్మెల్యే గారి తండ్రి, ఆయన్ని మేమందరం పెద్దాయన అనేవాళ్ళం, ఎన్నికల్లో మొదటిసారి నెగ్గినప్పుడు ఒక పాత జీపు కొన్నారు. దానికి నన్ను డ్రైవరుగా పెట్టుకున్నారు. మీసాలు అప్పుడే దిద్దుకుంటున్న వయసు నాది. ఆ జీపుకి హారను తప్ప అన్నీ మోగేవి అని వెక్కిరించేవారు జనం. నిజమే గాని, హారను అవసరం కూడా ఉండేది కాదు, ఊరి పొలిమేర దాటకముందే దాని చప్పుడుకి పిల్లలు పరుగెత్తుకొచ్చేవారు. పెద్దాయన ఏ ఊళ్ళో దిగినా ముందుగా అడిగే మాట ఒకటే: ఈ ఊళ్ళో నాకు అంబలి పోసేవాళ్ళెవరు అని. కొత్తవాళ్ళు వింటే పాపం ఆకలేసిందనుకుంటారు. మా వైపు తెలిసినవాళ్ళకి అర్థం వేరు. మా ఊళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది, రాసిపెట్టింది కాదు, అందరికీ తెలిసింది. ఎవరినైనా నలుగురిలో తిట్టాలంటే తిట్టవచ్చు, ఎంత పెద్దవాణ్ణయినా తిట్టవచ్చు, కానీ తిట్టినవాళ్ళు ఆ పూట ఆ మనిషికి తమ చేత్తో ఏదో ఒకటి పెట్టాలి. గిన్నెడు చోడి అంబలి, అదే రాగి అంబలి, కావచ్చు, చల్ల కావచ్చు, పనస తొనలు కావచ్చు. పెడితే అది తిట్టు, మన మనిషి అని తిట్టిన తిట్టు. పెట్టకపోతే అది పగ. అందుకని పెద్దాయన అంబలి ఎవరు పోస్తారని అడిగితే, నన్ను తిట్టే గుండె ఎవరికుందో ముందుకు రండి అని అర్థం. ఆ ఒక్క మనిషి లేచి తిట్టేదాకా మిగతావాళ్ళు నోరు విప్పేవారు కాదు, ఆ తిట్టు అయ్యాక మాత్రం ఒకరి వెంట ఒకరు, పాముకాటు మందు దగ్గర్నుంచి పంపుసెట్టు దాకా, వరద కట్ట తెగినట్టు చెప్పుకునేవారు.

మా ఊళ్ళో ఆ మనిషి మా అప్ప.

ఆ రోజు నాకు బాగా జ్ఞాపకం. ముసురు పట్టింది, గెడ్డ మోకాలు దాటి పారుతోంది, అప్పటికి కల్వర్టు లేదు. జీపు రోడ్డు వైపు గట్టున ఆగింది. పెద్దాయన మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని వచ్చారు, పట్నంలో ఎక్కడో పెళ్ళికి వెళ్ళాలి. అందుకని ఈ గట్టునుంచే మాట్లాడి వెళదాం, కేకెయ్యరా అన్నారు నాతో. నేను కేకేసేలోగానే అవతలి గట్టుమీద మా అప్ప కనిపించింది, తలమీద కట్టెల మోపుతో. మోపు కింద పడేసి, నడుంమీద చెయ్యి వేసుకుని, గెడ్డ హోరుని మించిన గొంతుతో ఆవిడన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

“ఆ గట్టునుండి ఏటి సూస్తన్నావు బావూ? ఓట్లకి ఈ గట్టుకొచ్చినావు గదా, అప్పుడు గెడ్డ నేదేటి? దిగు, గెడ్డలో దిగు.”

నేను సిగ్గుతో స్టీరింగు వెనక నక్కాను, నా ఉద్యోగం ఆ గెడ్డలో కొట్టుకుపోయిందనే అనుకున్నాను. పెద్దాయన ఒక నిమిషం ఆ నీళ్ళవంకా, ఒక నిమిషం తన పంచెవంకా చూసుకున్నారు. తరవాత చెప్పులు విప్పి నా ఒళ్ళో పడేసి, పంచె ఎగ్గట్టి దిగేశారు. ఆయన ఒక్కొక్క అడుగూ తడుముకుంటూ దాటుతున్నంతసేపూ ఆవిడ ఊరుకోలేదు. పురుటి నొప్పులతో ఉన్న ఆడదాన్ని మంచంమీద మోసుకుంటూ ఈ నీళ్ళు ఎలా దాటించామో, సంతకి వెళ్ళిన ముసలాయన పొద్దుగూకేదాకా ఆ గట్టునే ఎలా ఉండిపోయాడో, నీ ఇంటి ఆడవాళ్ళయితే ఇలాగే దాటిస్తావా అనీ, ఒక్కటి మిగల్చకుండా అనేసింది. ఒడ్డెక్కాక మాత్రం చెయ్యి పట్టుకుని లాగి, పంచె పిండుకోమని చెప్పి, ఇంట్లోంచి గిన్నెడు అంబలీ ఉల్లిపాయా తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన గటగటా తాగి మూతి తుడుచుకుని, నీ తిట్టు కంటే నీ అంబలే పుల్లగా ఉన్నాదే అన్నారు. ఊరంతా నవ్వింది. పెళ్ళికి వెళ్ళలేదు ఆయన ఆ రోజు.

కల్వర్టు వచ్చింది. కల్వర్టు వచ్చాక బస్సు వచ్చింది. మొదటిసారి బస్సు మా ఊళ్ళోకి వచ్చినప్పుడు పెద్దాయన జీపెక్కలేదు, టిక్కెట్టు కొనుక్కుని బస్సులోనే జనం మధ్య నిలబడి వచ్చారు, నేను ఖాళీ జీపు తోలుకుంటూ ఆ బస్సు దుమ్ము తింటూ వెనక వచ్చాను. అంత దుమ్ము తిన్నా అంత గర్వంగా నేనెప్పుడూ బండి నడపలేదు.

ఇలా చెబుతున్నానని పెద్దాయన్ని దేవుణ్ణి చేస్తున్నానని అనుకోకండి. ఆయనకి మరుపెక్కువ. మా పక్క ఊరికి హైస్కూలు తెస్తానని ప్రతి ఎన్నికకీ చెప్పేవారు, ఆయన పోయేదాకా అది రాలేదు. ఒక్కొక్కచోట తిట్టు తిని, అంబలి తాగి, హాయిగా నవ్వి జీపెక్కేవారు, ఊరి పొలిమేర దాటేసరికి ఆ ఊరి పని ఏమిటని నన్నే అడిగేవారు. మరి ఆ రోజులు మంచివనాలా, అంబలి ఇచ్చిన మత్తులో మేమే మంచివనుకున్నామా? ఇది నన్ను నేను చాలాసార్లు వేసుకున్న ప్రశ్న, జవాబు తేలలేదు. ఒకటి మాత్రం తెలుసు, ఆయన్ని తిట్టాలంటే ఆయన అక్కడ ఉండేవారు.

సరే, మళ్ళీ ఈ రోజుల్లోకి వస్తాను. కల్వర్టు సంగతి ఎవరికి చెప్పాలో తోచక గ్రూపులో రాశాను. కుంగిన చోటు ఫొటో కూడా మా కోడలు తీసి పెట్టింది. కింద ఒక జవాబొచ్చింది, మీ సమస్యను ఎమ్మెల్యే గారి దృష్టికి తీసుకెళ్తాం అని. సంతోషించాను. మర్నాడు మళ్ళీ రాశాను, అదే జవాబు, అక్షరం పొల్లుపోకుండా. ఆ తరవాతా అదే. తీసుకెళ్తాం, తీసుకెళ్తాం అంటారేమిటి, ఆయన ఇక్కడే ఉన్నారుగదా, ఇంకా ఎక్కడికి తీసుకెళ్తారు అని నాకు బోధపడలేదు. ఇంతలో ఎమ్మెల్యే గారి పుట్టినరోజు వచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచీ గ్రూపునిండా దండలు, కేకులు, శుభాకాంక్షలు, పులి పక్కన ఆయన నిలబడ్డ బొమ్మలు. నేను చదివి వినిపిస్తుంటే మంచంమీద కూర్చున్న మా అప్ప కట్టు విప్పిన కాలివంక చూసుకుంటూ, ఆ ఫోను ఇలాగ తే అంది. మాట్లాడితే వెళుతుందట గదా, నాను మాటాడతాను, నువ్వు పట్టుకో అంది. నేను బొత్తాం మీద వేలు అదిమిపెట్టి పట్టుకున్నాను, ఆవిడ గొంతు సవరించుకుంది.

“ఒరే గుంటడా, నీ బాబు పంచె ఎగ్గట్టి గెడ్డలో దిగినాడు. నువ్వు దినాము ఫొటోలు దిగతన్నావు. సిగ్గు నేదేట్రా నీకు? కల్వట్టు కూలిపోతన్నాది, నా కాలు కుళ్ళిపోతన్నాది, నీకు కేకులేట్రా, దండలేట్రా సన్నాసెదవా? నీ బాబుకున్న గుండె నీకుంటే ఇటొచ్చి సూడు.”

ఆ గొంతులో జబ్బు లేదు, వయసు లేదు, అవతలి గట్టుమీద నిలబడ్డ మా అప్పే. నాకు ఒళ్ళు పులకరించింది. అది అలా వెళ్ళి ఆ కేకుల మధ్య పడింది. కాసేపటికే నన్ను తీసేశారు.

పట్నం వెళ్ళి ఎమ్మెల్యే గారి ఆఫీసులో అడిగాను. గెడ్డ దాకా నడిచి, దాటి, బస్సెక్కి, ఆటో ఎక్కి వెళ్ళాను. చల్లగా ఉంది ఆఫీసు. ఒక చదువుకున్న కుర్రవాడు కుర్చీ చూపించి, మంచినీళ్ళ సీసా ఇచ్చి, సార్ అని పిలిచాడు. మా వైపువాడు కాదు, దక్షిణాది జిల్లాలవాడు, మర్యాదస్తుడే. అసభ్యకరమైన మాటలు పెట్టినవాళ్ళని తీసెయ్యమని మాకు నియమం ఉందండీ అన్నాడు. అవి అసభ్యం కాదు బాబూ అన్నాను. ఆ ముక్క మళ్ళీ పెట్టి వినిపించాడు. సన్నాసెదవా అన్న చోట ఆపి, మరి ఇది తిట్టు కాదాండీ అని అడిగాడు. తిట్టే అన్నాను. అయితే అసభ్యమే గదండీ అన్నాడు. కాదు, తిట్టు అన్నాను. అతనికి నేను అర్థం కాలేదు, నాకు అతను అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే నా మాట నాకే సరిగా అర్థం కాలేదు. పరాయివాడు ఎవరైనా మా అప్పని అదే మాట అంటే నేను కర్ర తీసుకుంటాను గదా! మరి ఆవిడ అంటే ఎలా తప్పు కాదు? కల్వర్టు సంగతి అడిగితే, ఎమ్మెల్యే గారి దృష్టికి తీసుకెళ్తాం అని నోటితో కూడా అదే మాట చెప్పాడు.

బయటికొచ్చి నిలబడ్డాను. కాళ్ళు వాటంతటవే కోట దగ్గర వీధిలోకి నడిచాయి. పెద్దాయన ఉన్న పాత ఇల్లు అక్కడే. ఎమ్మెల్యే గారి తల్లి, మా పెద్దమ్మగారు, ఇప్పటికీ అందులోనే ఉంటున్నారు. నేను ముందు గుమ్మంలోంచి కాకుండా, డ్రైవరుగా ఉన్నప్పుడు అన్నం తిన్న పెరటి గుమ్మంలోంచే వెళ్ళాను, అలవాటు. ఆవిడ పప్పు ఏరుతూ తలెత్తి నన్ను పోల్చుకుని, ఏరా, జీపేదిరా అన్నారు. జీపు ఇనప సామానులోకి వెళ్ళి తరం దాటింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చెప్పుకున్నాను, అంతా చెప్పుకున్నాను. మా అప్ప మాట వినిపించాను. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని మొదట నవ్వారు, గెడ్డ మాట వచ్చేసరికి కొంగు కళ్ళకి అద్దుకున్నారు. మళ్ళీ పెట్టమన్నారు. విని, ఏదో వెతుక్కున్నట్టు ఫోనువంక చూసి, అడిగారు.

“మీ అప్ప గొంతే, అంతా ఉన్నాది. అంబలి మాటేదిరా?”

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అప్ప అక్కడితో ఆగలేదు. గుండె ఉంటే ఇటొచ్చి చూడు అన్నాక కొంచెం ఊపిరి తీసుకుంది, షుగరు మనిషి గదా, ఆయాసం. అయిపోయిందనుకుని నేను వేలు తీసేశాను. ఆ తరవాత ఆవిడ, నానే అంబలి కాస్తాను, తాగెల్దువుగాని అంది. ఆ ముక్క మా వసారాలోనే ఉండిపోయింది. తిట్టు ఊరూరా వెళ్ళింది, అంబలి గుమ్మం దాటలేదు.

ఇది తెలిశాక కోపం తగ్గాలి గదా. తగ్గలేదు, పెరగనూ లేదు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతిలో పట్టుకుని తిరుగుతున్నాను. అంబలి మాట కూడా వెళ్ళి ఉంటే ఆ కుర్రవాడు తీసెయ్యకుండా ఉండేవాడా? అంబలి మాట వేరు, అంబలి వేరు. గిన్నె చేతిలో పెడితే కడుపులోకి వెళుతుంది, ఫోనులో పెడితే ఎక్కడికి వెళుతుంది? నా ఈడువాళ్ళు చాలామంది ఇది చదువుతారని తెలుసు, మీ ఊళ్ళలోనూ ఇలాంటి కట్టుబాట్లు ఉండే ఉంటాయి. ఇప్పుడు మనకి ఎమ్మెల్యే గారి మొహం రోజూ కనిపిస్తోంది, పూర్వం ఏడాదికి ఒకసారి కనిపిస్తే గొప్ప. దగ్గరయ్యాడనుకోవాలా, దూరమయ్యాడనుకోవాలా? ఆ రోజుల్లో ఆయనకీ మనకీ మధ్య ఒక గెడ్డ ఉండేది, దిగితే దాటేది. ఇప్పుడు మధ్య ఏముందో కనిపించడం లేదు, కనిపించనిదాన్ని ఎక్కడ దిగి దాటమని చెప్పాలి?

పెద్దమ్మగారు ఆ ముక్కని తన ఫోనులోకి పంపించుకుని, వాడికి నేను వినిపిస్తాను, నువ్వు అన్నం తిని వెళ్ళు అన్నారు. తిని వచ్చాను. మర్నాడు పొద్దున్న, మా కోడలు వేణ్ణీళ్ళతో అప్ప కాలు కడుగుతూండగా, తెలియని నంబరు నుంచి నాకు ఒక మాట వచ్చింది. చిన్నప్పుడు నన్ను మావా అంటూ జీపులో నా పక్క సీటు కోసం ఏడిచిన పెద్దాయన కొడుకు గొంతే, బరువెక్కింది. అందరం విన్నాం. అప్ప అంబలికి చోడిపిండి ఉందా అని మాత్రం అడిగింది. ఆ జవాబు ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను, ఇది వినదగ్గ జవాబో, మళ్ళీ తిట్టవలసిన జవాబో మీరే చెప్పండి.

“మావా, నానే. అత్త తిట్టు అమ్మ ఇనిపించినాది. కల్వట్టు గురించి ఇంజినీరుని అడిగినాను, వానలెల్లేవరకు అవదంతన్నాడు, అందుకని నాను మాటివ్వను. అత్త కాలికి కట్టు కట్టడానికి నర్సమ్మని ఇంటికే పంపమని ఆసుపత్రిలో సెప్పినాను. వస్తాదో రాదో సూడు, రాకపోతే అమ్మకి ఫోన్ సెయ్యి. మరి గ్రూపు సంగతంతావా, నిన్ను తీసీసినారని నాకు తెల్దు మావా. ఆ గ్రూపులో నాను లేను. నన్నెవులూ సేర్సలేదు.”